చెట్టూ చేమా – పాఠకుల ప్రశ్నలు: చలికాలంలో బెరడు పురుగు

జర్మనీలోని హార్జ్ కొండల్లో బెరడు పురుగు పట్టి స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చలి ప్రాంతపు చెట్టు) అడవులు ఎండిపోవడం గురించి కిందటి నెల రాసినదానికి చాలా ఉత్తరాలొచ్చాయి. అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒక్కటే: అంత చలి దేశంలో పురుగు ఎలా బతికింది, దాన్ని ఎందుకు ఆపలేకపోయారు అని. అడవి పురుగుల మీద పని చేస్తూ ఏళ్లుగా ఆ కొండల దగ్గరే ఉంటున్నదాన్ని. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నేను క్లౌస్టాల్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. గది కిటికీలోంచి చూస్తే కొండ కొండంతా మోడులే. జనవరిలో ఇక్కడ మోకాలి లోతు మంచు. ఇంత చలికి ఆ పురుగులు చావవా? ఇంకో సంగతి. మొన్న అడవిలో పచ్చగా ఉన్న చెట్లని కొట్టేస్తున్నారు. పక్కనే ఎండిపోయినవాటిని మాత్రం ముట్టుకోవడం లేదు. ఇదేం పద్ధతి మేడమ్?
– ఒక విద్యార్థి, క్లౌస్టాల్-సెల్లర్‌ఫెల్డ్, జర్మనీ

జవాబు: మీరు సరిగ్గానే చూశారు. వాళ్లు చేస్తున్నదీ సరైన పనే. ఎండి, బెరడు ఊడి నిలబడ్డ చెట్టులో పురుగు లేదు. అది ఎప్పుడో వెళ్లిపోయింది. పచ్చగా కనిపిస్తున్న ఆ పక్క చెట్టులో ఉంది. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ఈ పురుగు పేరు ఐప్స్ టైపోగ్రాఫస్. పొడవు అటూ ఇటూగా 5 మిల్లీమీటర్లు. ముందు మగపురుగు బెరడులోకి తొలుచుకుని పోయి, చిన్న గది చేసుకుని వాసన వదులుతుంది. ఆ వాసనకి ఆడపురుగులతో పాటు ఇంకా మగపురుగులూ వచ్చి పడతాయి. ఒంట్లో సత్తువ ఉన్న స్ప్రూస్ అయితే జిగురు కార్చి, దూరినవాటిని దూరినట్టే ముంచి చంపేస్తుంది. నీళ్లు లేక నీరసించిన చెట్టుకి ఆ జిగురు ఊరదు. ఆడపురుగు బెరడు కింద నిలువుగా దారి తొలిచి, దానికి రెండు పక్కలా గుడ్లు పెడుతుంది. పిల్లలు అక్కడి నుంచి అడ్డంగా తింటూ పోతాయి. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగేది ఆ మెత్తని పొరలోంచే. చుట్టూరా అది తెగిపోతే చెట్టు ఇక బతకదు.

ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో పురుగు పట్టిన చెట్టు ఆ చలికాలమంతా పచ్చగానే ఉండొచ్చు. చలిలో చెట్టుకి నీటి ఖర్చు తక్కువ కాబట్టి లోపల ఎంత నాశనం జరిగినా ఆకు రంగు వెంటనే మారదు. ఎండలు ముదిరాక ఎర్రబడుతుంది. అప్పటికి లోపలి పురుగులు బయటికొచ్చి చుట్టుపక్కల చెట్లమీద పడి ఉంటాయి.

ఇక చలి సంగతి. పగటి పొద్దు తగ్గుతున్న కొద్దీ పూర్తిగా ఎదిగిన పెద్ద పురుగులు గుడ్లు పెట్టడం ఆపేస్తాయి. ఒంట్లో గ్లిసరాల్ వంటి పదార్థాలూ చక్కెరలూ పోగుచేసుకుంటాయి. వాటివల్ల సున్నాకి చాలా కిందికి పోయినా ఒంట్లో నీరు గడ్డకట్టదు. అలా తయారైన పెద్ద పురుగు మైనస్ 20 డిగ్రీల దాకా తట్టుకోగలదు. లార్వాలకి (పిల్ల పురుగులకి), ప్యూపాలకి (పెద్ద పురుగుగా మారే ముందు దశలో ఉన్నవాటికి) ఆ శక్తి లేదు. మైనస్ 13 నుంచి 17 మధ్యలోనే చాలావరకు చచ్చిపోతాయి. అంటే గట్టి చలి వస్తే పోయేది ఆలస్యంగా పుట్టిన పిల్లలు. పెద్దవి మిగులుతాయి. పైగా కొన్ని పెద్ద పురుగులు శరదృతువులో బెరడు వదిలి, చెట్టు మొదట్లో రాలిన ఆకుల కిందికి, మట్టిలోకి దిగిపోతాయి. మీరు చెప్పిన మోకాలి లోతు మంచు ఉంది చూశారా, అది వాటికి మేలే చేస్తుంది. పైన మైనస్ 15 ఉన్నా మంచు కింద నేల సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది.

నిజానికి ఈ పురుగు ఎక్కువగా చచ్చేది తడిగా, నులివెచ్చగా ఉండే చలికాలంలో. అప్పుడు బూజు పడుతుంది. మన రైతులు పొలంలో కొట్టే బవేరియా ఉంది కదా, అదే శిలీంధ్రం అడవిలో సహజంగానే ఉంటుంది. ఫిబ్రవరిలో బెరడు ఎత్తి చూస్తే కొన్ని పురుగుల ఒంటి నిండా తెల్లటి నూగు కనిపిస్తుంది. అది కనిపించిన చోట నాకు కాస్త ధైర్యం వస్తుంది. కానీ దాన్ని నమ్ముకుని చేతులు కట్టుకుని కూర్చోలేం.

ఈసారి ఆ దారిలో నడిచినప్పుడు ఇవి చూడండి. పైన కొమ్మలు పచ్చగా ఉండి, కింద మంచుమీద బెరడు పెచ్చులు రాలి ఉంటే ఆ చెట్టులో పురుగు ఉన్నట్టే. వడ్రంగి పిట్టలు పురుగుల కోసం బెరడు పైపొర చెక్కేసిన చోట మాను ఎర్రగా, తేటగా కనిపిస్తుంది. శరదృతువులో వానలు పడకముందైతే మొదట్లో బెరడు పొలుసుల మధ్య, సాలెగూళ్లలో నస్యంలాంటి గోధుమ రంగు పొడి ఉంటుంది. అనుమానం వస్తే అడవి సిబ్బంది చిన్న కత్తితో అరచేతంత బెరడు ఎత్తుతారు. లోపల మాను తేమగా, తెల్లగా ఉండాలి. పురుగు పట్టిన చెట్టులో అది గోధుమ రంగుకి తిరిగి, సన్నటి కాలువలతో నిండి ఉంటుంది. ఆ కాలువల చివర పురుగులు కదలకుండా పడి ఉంటాయి. ముదిరినవి దాదాపు నలుపు, లేతవి పసుపు కలిసిన గోధుమ. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపిరి వదలండి, కాసేపటికి కాళ్లు కదుపుతుంది. భూతద్దంలో పెంకు వెనకవైపు వాలు చూస్తే ఒక్కో పక్క నాలుగేసి పళ్లు కనబడతాయి. తొలిచిన పొడిని బయటికి తోసేది ఆ వాలుతోనే.

ఇలాంటి చెట్టుని మార్చి దాటకుండా కొట్టి అడవి దాటించాలి. ఎందుకంటే గాలి వేడి 16, 17 డిగ్రీలకి చేరితే పురుగు ఎగురుతుంది. అక్కడ అది మామూలుగా ఏప్రిల్ మధ్య నుంచి మే లోపు. దుంగల్ని దగ్గర్లోని స్ప్రూస్ చెట్లకి కనీసం 500 మీటర్ల దూరానికి చేర్చాలి, లేదా బెరడు ఒలిచేయాలి. వేసవిలో అయితే లోపల లార్వాలు ఉంటాయి కాబట్టి బెరడు ఒలిస్తే ఎండకి చచ్చిపోతాయి. చలికాలంలో ఉండేవి పెద్ద పురుగులు. ఒలిచిన బెరడులోనే బతికి, ఎండ రాగానే లేచిపోతాయి. అందుకే ఆ బెరడుని కాల్చాలి, లేదా మరలో వేసి ముక్కలు చేయాలి. ఈ చిన్న తేడా పట్టించుకోక, ఒలిచిన బెరడు గుట్టగా అక్కడే వదిలేసిన చోట్లు చూశాను. చాలా బాధేస్తుంది. కష్టమంతా పడి, ఆఖరి మెట్టు దగ్గర వదిలేయడం.

ఎండిన చెట్టుని ఎందుకు వదిలేస్తున్నారంటే, దాన్ని కొట్టినా ఒక్క పురుగు కూడా చావదు. అందులో మిగిలేది బెరడు పురుగుని తినే చీమ పెంకుపురుగులాంటివి, వాటిని నమ్ముకున్న వడ్రంగి పిట్టలు. ఉన్న కూలీలు తక్కువ, రోజులు తక్కువ. ఆ శ్రమంతా పచ్చ చెట్టుమీద పెట్టాలి.

మరి ఇంత తెలిసీ కొండలు ఎందుకు బోసిపోయాయంటే, 2018 జనవరి 18న ఫ్రీడెరికే తుపాను వచ్చి హార్జ్‌లో అడవులకి అడవులే పడేసింది. కూలిన చెట్లు వసంతం లోపు ఎత్తాలి, లేకపోతే పురుగు వాటిలో పెరుగుతుంది. అన్నీ ఎత్తడం ఎవరి తరం కాలేదు. అదే ఏడు తీవ్రమైన ఎండ, తర్వాత 2019, 2020లోనూ అంతే. మామూలుగా ఏడాదికి రెండు తరాలు పెరిగే పురుగు వేడి ఏళ్లలో కింది ప్రాంతాల్లో మూడు తరాలకి వెళ్తుంది. అలా వెళ్తే ఒక్క తల్లి సంతతి శరదృతువుకి లక్ష దాటగలదని లెక్క. జర్మనీ మొత్తమ్మీద 2018 జనవరి నుంచి 2021 ఏప్రిల్ దాకా 5 లక్షల హెక్టార్ల అడవి పోయిందని ఆ దేశపు అంతరిక్ష సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చింది. అంటే 12 లక్షల ఎకరాల పైమాటే. ఆ కొండల్లో వందల ఏళ్లు గనుల కోసం అడవి నరికి, తిరిగి నాటేటప్పుడు త్వరగా పెరుగుతుందని స్ప్రూస్ ఒక్కటే నాటుతూ వచ్చారు. ఒకే జాతి, ఒకే వయసు, ఒకేసారి దాహం. పురుగుకి ఎదురే లేకుండా పోయింది.

ప్రశ్న: టీచర్ గారూ, చలికాలంలో ఆ పురుగు ఏం తింటుంది? నిద్రపోతుందా?
– 8వ తరగతి విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. గట్టి చలిలో ఏమీ తినదు. శరదృతువులో బాగా తిని కొవ్వు దాచుకుంటుంది, చలికాలమంతా దాన్నే కొంచెం కొంచెం ఖర్చు పెట్టుకుంటుంది. కడుపులో తిండి మిగిలితే దాని చుట్టూ మంచు పలుకులు తొందరగా కడతాయి, అందుకని చలిని తట్టుకునే చాలా పురుగులు ముందే కడుపు ఖాళీ చేసుకుంటాయి. మనం పడుకునే నిద్రలాంటిది కాదు ఇది. ఒంట్లో పనులన్నీ బాగా నెమ్మదించిపోతాయి, అంతే. వెచ్చగా తగిలితే మళ్లీ కదులుతుంది. మీ ఇంటి దగ్గర ఎండు కట్టె బెరడు ఎత్తి చూడు. చెక్కమీద సన్నటి కాలువలు కనిపిస్తే బొమ్మ గీసి మీ సైన్సు టీచర్‌కి చూపించు.

ప్రశ్న: మేము పత్తిలో గులాబీ రంగు పురుగుకి లింగాకర్షక బుట్టలు పెడతాం, అవసరమైతే మందు కొడతాం. అంత డబ్బున్న దేశం వాళ్లు అడవిలో అదే పని ఎందుకు చేయరు?
– ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: బుట్టలు పెడతారండీ. నల్లటి డబ్బాల్లాంటి బుట్టల్లో మగపురుగు వదిలే వాసన పొట్లం వేలాడదీస్తారు. అది ముఖ్యంగా పురుగు ఎప్పుడు ఎగరడం మొదలుపెట్టింది, ఎంత ఉంది అని తెలుసుకోవడానికి. పొలంలో మీరు చూసుకునేదీ అదే కదా. బుట్టలతోనే పురుగు తగ్గిపోతుందనుకుంటే మాత్రం కుదరదు. పురుగు కోట్లలో ఉన్నప్పుడు బుట్టలో పడేది ఏ మూలకీ రాదు. పైగా బుట్టని నిలబడ్డ స్ప్రూస్‌కి మరీ దగ్గర పెడితే ఆ వాసనకి వచ్చిన పురుగు బుట్ట వదిలి పక్క చెట్టులో దూరుతుంది. పిలిచి మరీ అంటించినట్టవుతుంది.

మందు సంగతికొస్తే, పురుగు బతుకంతా దాదాపు బెరడు లోపలే. 30 మీటర్ల చెట్టుకి పైనుంచి కొట్టిన మందు లోపలికి పోదు. కొట్టి పేర్చిన దుంగలమీద, ఎత్తుకెళ్లడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే కొడతారు. ఆ కొండల్లోనే చుట్టుపక్కల ఊళ్లకి తాగునీళ్లిచ్చే జలాశయాలు ఉన్నాయి. మందు వల్ల చీమ పెంకుపురుగూ చస్తుంది. నా మటుకు నేను ఎంత తక్కువ వాడితే అంత మంచిదంటాను.

కానీ మీకు నేను చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. చివరి తీత అయ్యాక పత్తి మోళ్లు పొలంలో ఉంచొద్దని, జిన్నింగు మిల్లు దగ్గర గింజలు పోగుపెట్టొద్దని మీకు ఏటా చెబుతారు. గులాబీ రంగు పురుగు పంట లేని నెలలు దాక్కునేది అందులోనే. అడవిలో చలికాలం చేసే పనీ సరిగ్గా ఇదే. మోళ్లు పీకడానికి ఎకరానికి ఎంత కూలి అవుతుందో మీకు తెలుసు. కొండవాలులో, మంచులో చెట్టు చెట్టూ వెతికి కొట్టడానికి ఎంతవుతుందో ఆలోచించండి. మంచి ఏళ్లలో ఆ ఖర్చు అనవసరంగా కనిపిస్తుంది, అక్కడే దెబ్బ తింటారు.

ప్రశ్న: బవేరియన్ ఫారెస్ట్ నేషనల్ పార్కు చూశాం. పురుగు పడితే ఏమీ చేయకుండా వదిలేశారట. పక్క అడవుల వాళ్లకి నష్టం కదా?
– ఒక పాఠకురాలు, మ్యూనిక్

జవాబు: అది జర్మనీలో మొదటి నేషనల్ పార్కు, 1970లో ఏర్పడింది. 1983లో గాలివానలకి చెట్లు కూలినప్పుడు వాటిని ఎత్తకుండా వదిలేయాలని అప్పటి బవేరియా రాష్ట్ర మంత్రి హాన్స్ ఐజెన్‌మాన్ నిర్ణయించారు. 1990ల్లో పురుగు చెలరేగి లూజెన్ కొండ చుట్టూ ముసలి స్ప్రూస్ అంతా పోయింది. ఊళ్లవాళ్లు తీవ్రంగా వ్యతిరేకించారు, వాళ్ల కోపం నాకర్థమవుతుంది. చిన్నప్పటి నుంచి చూసిన కొండ అది. కానీ ఇప్పుడక్కడ పడిపోయిన మానుల మధ్య నాటకుండానే కొత్త స్ప్రూస్, రోవన్ చెట్లు దట్టంగా లేచాయి. మీరూ చూసే ఉంటారు.

అయితే పూర్తిగా వదిలేయడం పార్కు లోపలి భాగంలోనే. అంచుల్లో ఒక పట్టీ ఉంచి, హార్జ్ పార్కులో అయితే 500 మీటర్ల వెడల్పున, అక్కడ పురుగు పట్టిన చెట్టుని కొట్టి తీసేస్తారు. ఎక్కువ పురుగులు దగ్గర్లోని చెట్లమీదే వాలతాయి కాబట్టి ఆ పట్టీ పని చేస్తుంది. నా అభిప్రాయం అడిగితే, నేషనల్ పార్కుల్లో వదిలేయడమే సరి. కలప కోసం, నీటి కోసం, ఊరి మీద కొండచరియలు పడకుండా పెంచే అడవుల్లో వదిలేయకూడదు. ఏ అడవి దేనికో ముందు తేల్చుకోకుండా వాదించుకుంటే ప్రయోజనం లేదు.

ప్రశ్న: ఎడ్మంటన్‌లో ఉంటాను. ఇక్కడ మైనస్ 40 కూడా చూశాం. మరి కెనడాలో పైన్ చెట్లు ఎందుకు పోయాయి?
– ఒక ఐటీ ఉద్యోగి

జవాబు: మీ దగ్గరిది వేరే పురుగు, మౌంటెన్ పైన్ బీటిల్. ఇది చలికాలం గడిపేది ఎక్కువగా లార్వాగా. గ్లిసరాల్ పూర్తిగా పోగుచేసుకున్న లార్వా నడి చలికాలంలో మైనస్ 40 దగ్గర పడేదాకా బతుకుతుంది. అదే నవంబరు మొదట్లో ఇంకా తయారు కానప్పుడో, మార్చిలో గ్లిసరాల్ తగ్గిపోయాకో మైనస్ 25 వచ్చినా చాలావాటికి ప్రాణం మీదికొస్తుంది. అంటే చలి ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ చూడాలి. 1980ల మధ్యలో బ్రిటిష్ కొలంబియాలోని చిల్కోటిన్ పీఠభూమిలో అలాంటి చలి వచ్చి ఒక పెద్ద దాడిని ఆపేసింది. 1990ల తర్వాత అలాంటి చలి సరైన సమయంలో రాలేదు. ఆ ఒక్క రాష్ట్రంలోనే కోటీ 80 లక్షల హెక్టార్ల మేర పైన్ అడవులు దెబ్బతిన్నాయి. 2006లో పురుగు గాలివాటున రాకీ పర్వతాలు దాటి మీ ఆల్బర్టాలోకి పెద్ద ఎత్తున దిగింది. 2019 ఫిబ్రవరిలో మీ దగ్గర రోజుల తరబడి పడిన చలి ఉంది కదా, అది చాలా పురుగుల్ని చంపింది.

ఆల్బర్టాలో శరదృతువులో హెలికాప్టర్ మీద తిరిగి ఎర్రబడిన చెట్లు గుర్తిస్తారు. అవి కిందటేడు చచ్చినవి. ఆ గుర్తు పట్టుకుని మనుషులు నడిచి వెళ్లి, చుట్టూ పచ్చగా ఉండి పురుగు పట్టినవాటిని వెతికి, చలికాలంలో కొట్టి అక్కడే కాలుస్తారు. చుట్టూ మంచు ఉంటుంది కాబట్టి మంట పాకదు. మీరు చేయగలిగింది ఒకటుంది: క్యాంపింగ్‌కి బెరడున్న పైన్ కట్టెలు కారులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లకండి. అక్కడే కొని అక్కడే కాల్చేయండి.

ప్రశ్న: మా మామిడి మాను మీద పొడి, బూజు కలిసిన గొట్టాల్లాంటివి కనిపిస్తున్నాయి. ఇదీ ఆ పురుగేనా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: కాదు. అది బెరడు తినే గొంగళి పురుగు. రాత్రి బయటికొచ్చి తింటుంది, పగలు మాను మీద రంధ్రంలో ఉంటుంది. గొట్టాలు చీపురుతో దులిపేసి, రంధ్రంలో ఇనుప తీగ పెట్టి గుచ్చండి. కిరసనాయిలులో ముంచిన దూది లోపల పెట్టి బంకమట్టితో మూసేయండి.

ప్రశ్న: మాకు అరకు దగ్గర రెండెకరాల కాఫీ తోట ఉంది. కాయ తొలిచే పురుగు మా వైపుకీ వచ్చిందని టెన్షన్‌గా ఉంది. దీనికీ మీరు రాసే పురుగుకీ సంబంధం ఉందా?
– ఒక గిరిజన రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఉందన్నా. రెండూ ఒకే వంశం పురుగులు. ఒకటి బెరడు పట్టుకుంది, ఒకటి కాఫీ కాయ పట్టుకుంది. కాఫీది ఇంకా చిన్నది, 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆఫ్రికా నుంచి వచ్చింది, మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మొదటిసారి కనబడింది. 2025లో అరకు ప్రాంతంలో బయటపడింది. మగపురుగు ఎగరలేదు. ఆడపురుగు కాయ కొన దగ్గర చిన్న రంధ్రం చేసి లోపలికి పోతుంది, పిల్లలు గింజ తింటూ అందులోనే పెరుగుతాయి.

అక్కడ స్ప్రూస్ బెరడు ఎలాగో, ఇక్కడ మీరు కోయకుండా వదిలేసిన కాయ అలాగ. కోత అయ్యాక కొమ్మమీద ఎండిపోయినవి, చెట్టు కింద రాలినవి, వీటిలోనే పురుగు వేసవంతా దాక్కుని వానలు పడగానే కొత్త కాయల మీదికి పోతుంది. అందుకని ఆఖరి కోతలో పచ్చివీ ఎండువీ చూడకుండా అన్నీ దూసేయండి. కింద గోనెపట్టానో టార్పాలినో పరిచి కోస్తే రాలేవి తగ్గుతాయి. తర్వాత ఇంటిల్లిపాదీ ఒకసారి తోటంతా తిరిగి నేలమీదివి ఏరండి. ఏరినవాటిని గట్టు మీద పోయొద్దు, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీయండి. పురుగు పట్టని పక్క తోటవాళ్లకీ చెప్పి అందరూ ఒకే వారంలో చేసేలా చూడండి, ఒక్కరు వదిలేస్తే మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. గోనె సంచులు ఒకరివి ఒకరు వాడుకోవద్దు. అనుమానమున్న కాయలు కనిపిస్తే దాచుకోకుండా కాఫీ బోర్డు వాళ్లకి చూపించండి.